పాత పద్మిని ముందు అద్దం బీడింగ్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో క్లుప్తంగా చెబుతాను. రాజమహేంద్రవరంలో ఉన్న మీ 1984 నాటి ప్రీమియర్ పద్మిని కారులో వాన పడిన ప్రతిసారీ డ్రైవరు కాళ్ళ దగ్గర నీరు చేరుతోంది. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ గట్టిపడి, పై మూలల్లో పగుళ్ళు వేసింది. అద్దం తీస్తే పగులుతుందనీ, చుట్టూ సిలికాన్ పూస్తే చాలనీ మీ ఊరి ఫిట్టరు అంటున్నాడు. మీ తమ్ముడి సాయంతో మీరే ఇంటి దగ్గర మార్చుకోవచ్చా, అద్దం నిజంగానే పగులుతుందా అని మీ సందేహం.

మార్చుకోవచ్చు. సిలికాన్ మాత్రం పూయించవద్దు. జాగ్రత్తగా చేస్తే అద్దం పగలదు. అయితే ఈ పనిలో రబ్బరు ఎక్కించడం గంటలో అయిపోయే చిన్న భాగమని ముందే తెలుసుకోండి. అసలు పని రబ్బరు కింద దాగి ఉన్న రేకు అంచుది. ఆ అంచును మేము షెడ్డులో ఫ్లాంజి అంటాము. అది శుభ్రంగా, తిన్నగా, తుప్పు లేకుండా ఉంటే ఓ మోస్తరు బీడింగ్ కూడా నీటిని ఆపుతుంది. అది పాడైతే ఎంత ఖరీదైన బీడింగ్ వేసినా మరుసటి వానాకాలానికి మళ్ళీ కాళ్ళు తడుస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పద్మినుల వంటి పాత ఫియట్లకూ అంబాసిడర్లకూ అద్దాలు తీసి బిగించిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. ఈ సమాధానంలో ఫ్లాంజి గురించి ఇంతగా చెప్పడానికి కారణం అదే.

బీడింగ్ మీద చెయ్యి వేసే ముందు, నీరు అక్కడి నుంచే వస్తోందని ఒక పూట కేటాయించి నిర్ధారించుకోండి. కాళ్ళ దగ్గర చేరే నీటికి ముందు అద్దం ఒక్కటే దారి కాదు. వైపర్ల ఇరుసులు రేకును చీల్చుకుని బయటికి వచ్చే చోట ఉండే చిన్న రబ్బరు వాషర్లు, ఇంజను గదికీ కూర్చునే చోటుకూ మధ్య గోడలో వైర్లు దూరే రంధ్రాల రబ్బర్లు, తలుపుల చుట్టూ ఉండే రబ్బర్లు, బానెట్టుకూ అద్దానికీ మధ్యనున్న రేకు అతుకులు, వీటిలో ఏదైనా కావచ్చు. ఒక అంబాసిడర్ యజమాని వేరే చోట రెండుసార్లు బీడింగ్ మార్పించుకుని, విసిగిపోయి మా దగ్గరకు వచ్చారు. చూస్తే నీరు వైపరు ఇరుసు వాషరు గుండా దిగి, డాష్‌బోర్డు వెనక వైర్ల వెంట పాకి, సరిగ్గా అద్దం మూల కింద బొట్లు బొట్లుగా పడుతోంది. వాషరు మార్చడానికి పావుగంట పట్టింది. పాపం, ఆయన అంతకుముందు పెట్టిన ఖర్చంతా వృథా అయిపోయింది.

పరీక్షకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. కాళ్ళ దగ్గరి మ్యాట్ తీసివేసి, డాష్‌బోర్డు కింది రేకును పొడిగుడ్డతో తుడిచి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, మరొకరు బయట పైపుతో నీరు పోయాలి. పైపు మూతిని వేలితో నొక్కి చిమ్మకూడదు, నీరు ఊరికే జారేలా వదలాలి. మొదట అద్దం కింది అంచున అయిదు నిమిషాలు, తరువాత పక్కల, చివరగా పైన పోయండి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లకూ ఒకేసారి చేరుతుంది కాబట్టి ఎక్కడ దూరిందో తెలియదు. పౌడరులో పడిన తడి గీత ఎటునుంచి వచ్చిందో చూస్తే దారి దొరుకుతుంది. మీ బీడింగ్ పగిలి ఉందంటున్నారు కనుక దాన్ని ఎలాగూ మార్చాలి. అయినా ఈ పరీక్ష చేయండి, ఎందుకంటే రెండు చోట్ల నుంచి కారే కార్లు నేను చాలా చూశాను.

సిలికాన్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. బజారులో చవకగా దొరికే సిలికాన్‌లో ఎక్కువభాగం ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. అది ఎసిటిక్ ఆమ్లం వాసన. ఆ ఆమ్లం రేకుకు తుప్పు పట్టిస్తుంది, లామినేటెడ్ అద్దమైతే రెండు గాజు పలకల మధ్యనుండే ప్లాస్టిక్ పొర అంచును కూడా పాడుచేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ముసలి రబ్బరుకు సిలికాన్ సరిగా అంటుకోదు. పైపైన తోలులా నిలిచి, కొద్ది నెలల్లో ఒక చోట విడుతుంది. ఆ సందులోంచి లోపలికి వెళ్ళిన నీటికి బయటికి వచ్చే దారి ఉండదు. నీరు ఫ్లాంజి మీదే నిలిచి నెమ్మదిగా తినేస్తుంది. పైకి అద్దం చుట్టూ నల్లగా నిగనిగలాడుతూ, లోపల రేకు అప్పడంలా పొడి అయిపోయిన బండ్లను చేత్తో తడిమి చూసినవాణ్ణి నేను. పైగా ఒకసారి సిలికాన్ తగిలిన చోట తరువాత రంగు నిలవదు, చేపకళ్ళలా గుంటలు పడుతుంది. కనుక ఇప్పుడు మిగిలే నాలుగు రూపాయలు రేపు రంగు పనిలో పదింతలై పోతాయి.

ఇక బీడింగ్ కొనడం గురించి. పద్మిని తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయినా, ముంబయిలో ఇవి టాక్సీలుగా 2023 అక్టోబరు వరకూ తిరిగాయి కాబట్టి బీడింగులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. సికింద్రాబాదు రాణీగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ పాత దుకాణాల్లో అడగండి. చెన్నై పుదుప్పేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ కూడా పాత బండ్ల సామాను కోసం వెళ్ళే చోట్లే. దొరకడం కష్టం కాదు, మంచిది ఎంచుకోవడమే కష్టం. మీ కారుతో వచ్చిన రోజుల్లో రబ్బరు సరుకు వేరు. సహజ రబ్బరు అణువుల గొలుసులో ఉండే జంట బంధాలను గాలిలోని ఓజోన్ తెంపుతూ పోతుంది. రబ్బరు సాగి ఉన్న చోట, అంటే మూలల్లో, ఈ పగుళ్ళు ముందుగా కనబడతాయి. మీ బీడింగ్ పై మూలల్లోనే పగలడానికి కారణం ఇదే అయి ఉంటుంది. ఈపీడీఎం అనే రబ్బరు ప్రధాన గొలుసులో ఆ జంట బంధాలు ఉండవు కనుక ఎండకూ ఓజోన్‌కూ బాగా తట్టుకుంటుంది. దుకాణదారును ఆ పేరు పెట్టి అడగండి, కాని అతని మాట మీదే ఆధారపడవద్దు. బీడింగ్‌ను మడిచి వేళ్ళతో గట్టిగా నొక్కండి. మడత మీద తెల్లని గీత వస్తే అందులో సుద్దలాంటి పూరకం ఎక్కువగా కలిపారని అర్థం. తెల్లటి గుడ్డతో రుద్దితే మసి అంటుకోకూడదు. నొక్కి వదిలిన గోటి గుర్తు వెంటనే మాయం కావాలి. టైర్ల ముక్కలు కరిగించి పోసినట్టు ఘాటైన వాసన వస్తే అక్కడే వదిలేసి రండి.

రెండో విషయం, కొనడానికి వెళ్ళేటప్పుడు మీ పాత బీడింగ్‌లోంచి అంగుళం ముక్క కోసి జేబులో వేసుకోండి. అడ్డంగా కోసిన ఆ ముక్కలో రెండు గాళ్ళు కనబడతాయి: ఒకటి అద్దం అంచును పట్టుకునేది, రెండోది ఫ్లాంజిని పట్టుకునేది. ఈ రెండింటి వెడల్పూ ఒకటి కాదు. పైన మూడో చిన్న గాడి కూడా ఉంటే, అందులో ఒక పట్టీ దూర్చి రబ్బరును ఉబ్బించి బిగిస్తారన్నమాట. మెరిసే నికెల్ పట్టీ ఉన్న బండ్లలో అదీ అక్కడే కూర్చుంటుంది. పట్టీ ఉన్న పద్మినులూ లేని పద్మినులూ రెండూ నా చేతిలోకి వచ్చాయి కాబట్టి, మీ బండికి ఉన్న ముక్కతో పోల్చి కొనడమే సరైన పద్ధతి. దొరికితే మూలలు పోతపోసి ఉంగరంలా మూసి వచ్చిన బీడింగ్ తీసుకోండి. మీటర్ల లెక్కన అమ్మే తాడు బీడింగ్ చివరి అవకాశం మాత్రమే.

తీసే ముందు మీ అద్దం ఏ రకమో చూసుకోండి: రెండు పలకల లామినేటెడా, వేడితో గట్టిపరచిన ఒంటి పలక టఫెన్డా అని. కింది మూలలో ముద్ర ఉంటుంది. ముద్ర చెరిగిపోతే పోలరైజ్డ్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఎండలో వంగి చూడండి. టఫెన్డ్ అద్దమైతే మచ్చలు, చారలు కనిపిస్తాయి. టఫెన్డ్ అద్దం మధ్యలో గట్టిగా ఉన్నా అంచుకు దెబ్బ తగిలితే ఒక్క క్షణంలో పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. లామినేటెడ్ అద్దం రాలదు కాని, అంచున చిన్న పెచ్చు లేచి ఉంటే బిగించేటప్పుడు అక్కడినుంచి గీత పడుతుంది. మీది టఫెన్డ్ అయితే, ఎలాగూ తీస్తున్నారు కాబట్టి లామినేటెడ్ అద్దానికి మారమని నా సలహా. రోడ్డు మీద రాయి తగిలి అద్దమంతా తెల్లబడి ఎదురుగా ఏమీ కనబడని పరిస్థితి నాకు ఒకసారి ఎదురైంది, ఇంకెవరికీ రాకూడదనుకుంటున్నాను. అయితే కొత్త అద్దం మందం పాతదానితో సమానమో కాదో కొలిచి చూడండి. మందం మారితే బీడింగ్ గాడి కూడా మారాలి.

తీయడం సులువే. వైపరు చేతులు, లోపలి చిన్న అద్దం, ఎండ తెరలు, అడ్డొచ్చే అలంకారపు ముక్కలు తీసి పక్కన పెట్టండి. నికెల్ పట్టీ ఉంటే అతుకు దగ్గర మొదలుపెట్టి, వంకర పోకుండా చేతి వేళ్ళతోనే లాగండి. కొత్తది దొరకడం రబ్బరు దొరకడం కంటే కష్టం. తరువాత పాత బీడింగ్‌ను కాపాడుకోవాలనే ఆశ వదులుకోండి. అద్దాలు పగిలేది ఎక్కువగా ఆ ఆశ వల్లనే. గట్టిపడిన రబ్బరును స్క్రూడ్రైవరుతో పెకలించబోతే ఆ బలమంతా అద్దం అంచు మీద పడుతుంది. దానికి బదులు పదునైన కత్తి బ్లేడుతో బయటి పెదవిని అద్దం చుట్టూ పూర్తిగా కోసి పారేయండి. అప్పుడు లోపలినుంచి అరచేతులతో, పై మూలల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా నెడితే అద్దం దానంతట అదే బయటికి వాలుతుంది. మీ తమ్ముడు బయట రెండు చేతులూ పట్టి సిద్ధంగా ఉండాలి. ఇద్దరూ మందపాటి చేతితొడుగులు వేసుకోండి. తీసిన అద్దాన్ని నేల మీద నిలబెట్టవద్దు, నవారు మంచం మీద దుప్పటి పరచి పడుకోబెట్టండి.

ఇప్పుడు ఫ్లాంజి. అద్దం తీసిన ఖాళీ చుట్టూ వేలితో తడుముతూ ఒక్కసారి తిరగండి. పైభాగం సాధారణంగా బాగుంటుంది. కింది రెండు మూలల్లోనూ, కింది అంచు మధ్యలోనూ నీరు నిలుస్తుంది కాబట్టి తుప్పు అక్కడే ఉంటుంది. గోదావరి జిల్లాల తేమలో నలభై ఏళ్ళు తిరిగిన బండికి ఏమీ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాకినాడ నుంచి ఒక పద్మిని వచ్చింది. యజమాని రెండు రోజుల పని అనుకుని బస్సులో తిరిగి వెళ్ళే ఏర్పాటు కూడా చేసుకున్నారు. అద్దం తీసి వైరు బ్రష్షు ఆనించగానే ఎడమవైపు మూల నుంచి జానెడు పొడవున ఫ్లాంజి రాలి డాష్‌బోర్డు మీద పడింది. లోపలి పొర, బయటి పొర రెండూ కొత్త రేకుతో కట్టి, పాత వంపుకు సరిచేసి, రంగు ఆరబెట్టి అద్దం పెట్టేసరికి మూడు వారాలు పట్టింది. ఆయన కోప్పడలేదు కాని, ముందే చెప్పి ఉండవలసిందని ఒక్క మాట అన్నారు. అది న్యాయమైన మాటే. అప్పటినుంచి అద్దం తీయకుండా ఎవరికీ గడువు చెప్పడం మానేశాను.

పైపై తుప్పు అయితే మీరే చేసుకోవచ్చు. పాత సీలు జిగురు, గట్టిపడిన పెచ్చులు గీకి, వైరు బ్రష్షుతోనూ గరుకు కాగితంతోనూ తెల్లటి లోహం కనబడేదాకా రుద్దండి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాసి, డబ్బా మీద రాసిన సమయం ఉంచి, శుభ్రంగా తుడిచి ఆరబెట్టండి. అదే రోజు ఎపాక్సీ ప్రైమరు పడాలి. బోసి లోహాన్ని రాత్రంతా వదిలేస్తే ఆ తేమకు తెల్లవారేసరికి మళ్ళీ పసుపు రంగు తుప్పు ఎక్కుతుంది. ప్రైమరు మీద రంగు వేశాక కనీసం వారం రోజులు ఆగండి. పైకి ఆరినట్టు కనిపించే రంగు లోపల ఇంకా మెత్తగా ఉంటుంది. దాని మీద రబ్బరు బిగిస్తే రెండూ అతుక్కుపోయి, ఇంకోసారి తీసినప్పుడు రంగు రబ్బరుతో పాటు ఊడివస్తుంది. ఆ వారం రోజులూ ఖాళీకి ప్లాస్టిక్ పట్టా కట్టి బండిని నీడలో ఉంచండి. రంధ్రాలు పడి ఉంటే మాత్రం టింకరును పిలిచి రేకు ముక్క వెల్డింగ్ చేయించవలసిందే. 20 గేజి రేకు సరిపోతుంది. రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి రంగు వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

పుట్టీ గురించి ఇంకొంచెం చెప్పాలి. పాత బండ్లకు రెండు మూడు సార్లు రంగు మారి ఉంటుంది. అద్దం తీయకుండా రంగు వేసేవారు బీడింగ్ అంచు దాకా పుట్టీ పట్టిస్తారు. అది ఫ్లాంజి మొదట్లో గడ్డకట్టి, ఒక చోట పలచగా ఒక చోట మందంగా ఉంటుంది. నా దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాడు ఒకసారి అలాంటి మిట్టను గమనించకుండా అంబాసిడర్‌కు అద్దం బిగించాడు. సాయంత్రం చూస్తే అంతా బాగానే ఉంది, మేమూ షట్టరు దించి ఇళ్ళకు వెళ్ళాము. ఉదయం వచ్చేసరికి కింది కుడి మూల నుంచి మధ్యదాకా సన్నని గీత ఒకటి వంకర తిరిగి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. రాత్రి చల్లదనానికి గాజూ రేకూ వేరువేరుగా ముడుచుకుని, ఆ మిట్ట దగ్గర అద్దం వంగలేక చీలింది. ఆ అద్దం ఖర్చు నేనే పెట్టుకున్నాను. మీ ఫిట్టరు అద్దం పగులుతుందని భయపెట్టడం వెనుక ఇలాంటి అనుభవమేదో ఉండి ఉంటుంది, కాబట్టి అతన్ని పూర్తిగా తప్పుపట్టను. అయితే అద్దాన్ని పగలగొట్టేది తీయడం కాదు, సరిచేయని ఫ్లాంజి మీద మళ్ళీ బిగించడం. అద్దాన్ని బీడింగ్ లేకుండా ఒట్టిగా ఖాళీలో ఆనించి చూడండి. చుట్టూ సందు దాదాపు ఒకేలా ఉండాలి. ఒక చోట ఆనుతూ, ఎదురు మూల ఊగుతూ ఉంటే ఆనిన చోట మిట్ట ఉన్నట్టే. దాన్ని సరిచేసేదాకా ముందుకు వెళ్ళవద్దు.

బిగించే రోజుకు మాఘ ఫాల్గుణాల ఉదయం అనువైనది. నడి వేసవిలో చేయవలసివస్తే పొద్దున్నే మొదలుపెట్టండి. 44 డిగ్రీల ఎండలో కాలుతున్న రేకు మీద, చన్నీళ్ళు పడిన అద్దం మీద బలం పెట్టడం మంచిది కాదు. బీడింగ్‌ను మాత్రం వెచ్చగా ఉంచాలి. వేడినీళ్ళ బకెట్టులో అరగంట నానబెడితే మూలల్లో మెత్తగా తిరుగుతుంది. జారడానికి సబ్బునీళ్ళే వాడండి. గ్రీజు, ఇంజను నూనె, కిరోసిన్ ఏవీ వద్దు. సహజ రబ్బరైనా ఈపీడీఎం అయినా పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సులువుగా జారుతుందని ఒక అంబాసిడర్‌కు గ్రీజు పూసి బిగించాను. ఏడాదిలోగా పై అంచు పొడవునా బీడింగ్ అలలు అలలుగా లేచింది. అప్పుడు మా మేస్త్రి ఏమీ అనకుండా నా చేతికి సబ్బు బిళ్ళ ఇచ్చి వెళ్ళిపోయాడు.

మంచం మీది అద్దానికి ముందు బీడింగ్ తొడగండి. తాడు బీడింగ్ అయితే చుట్టుకొలత కంటే 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోయాలి. రబ్బరు నొక్కుకుని ఉండాలి తప్ప ఎక్కడా సాగి ఉండకూడదు. సాగితే కొన్ని నెలల్లో ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. చివరలు కొత్త బ్లేడుతో ఒక్క వేటులో లంబంగా కోసి, తడి లేకుండా తుడిచి, చుక్క ఫెవిక్విక్‌తో అతకండి. అతుకు నేను పైభాగం మధ్యలో ఉంచుతాను, అక్కడ నీరు నిలవదు. పట్టీ అతుకు మాత్రం రబ్బరు అతుకు ఉన్న చోట పడకూడదు.

తరువాత నాలుగు లేదా అయిదు మిల్లీమీటర్ల నునుపైన నైలాన్ తాడు తీసుకుని, ఫ్లాంజి కూర్చోవలసిన గాడిలో చుట్టూ నొక్కుతూ పోండి. తాడు రెండు కొసలూ కింది అంచు మధ్యలో ఒకదాని మీద ఒకటి జానెడు దాటాలి, కారు లోపలివైపు వేలాడాలి. గాడిలోనూ ఫ్లాంజి మీదా సబ్బునీరు ధారాళంగా పూసి, ఇద్దరూ కలిసి అద్దాన్ని ఎత్తి బయటినుంచి ఖాళీలో ఆనించండి. ఎడమా కుడీ సమానంగా ఉందో లేదో దూరంగా నిలబడి చూసి సరిచేశాకే తాడు ముట్టుకోవాలి. ఒకరు లోపల కూర్చుని తాడు కొసను అద్దానికి సమాంతరంగా, అద్దం మధ్యవైపుకు లాగాలి. లాగుతున్న కొద్దీ రబ్బరు లోపలి పెదవి ఫ్లాంజి మీదుగా గంతు వేసి ఇటు పడుతుంది. సరిగ్గా తాడు కదులుతున్న చోటనే బయటివారు అరచేతితో నొక్కాలి. ఈ ఇద్దరి మధ్య మాట కలవడం ముఖ్యం: లాగేవాడు చెప్పిన చోటనే నొక్కేవాడి చెయ్యి ఉండాలి. కింద మధ్యనుంచి ఒక మూలదాకా, మళ్ళీ మధ్యనుంచి రెండో మూలదాకా, ఆపైన పక్కలు, చివరికి పైభాగం. ఒకే కొసను పట్టుకుని చుట్టూ లాక్కుపోతే అద్దం ఒక పక్కకు జరిగిపోతుంది.

మూల దగ్గర తాడు బిగిసిపోతే బలం పెంచవద్దు. కాస్త వెనక్కి వచ్చి, సబ్బునీరు పోసి, నున్నటి ప్లాస్టిక్ చెంచా కాడతో పెదవిని ఎత్తి దాటించండి. ఇనుప పనిముట్టు ఏదీ గాజు అంచు దగ్గరకు రాకూడదు. పిడికిలితో గుద్దడం, రబ్బరు సుత్తితో కొట్టడం మా షెడ్డులో నిషేధం. పది నిమిషాలు నొక్కినా ఒక మూల కూర్చోకపోతే బలం చాలక కాదు, ఫ్లాంజిలో ఏదో తేడా ఉన్నట్టు. అద్దం దించి మళ్ళీ చూసుకోవడమే మేలు.

పట్టీ ఉన్న బీడింగ్ అయితే అదే రోజు పట్టీ దూర్చకండి. బండిని ఒక రోజు తేలికపాటి ఎండలో ఉంచితే రబ్బరు తన చోటు తాను చూసుకుంటుంది, ఆ తరువాత చుట్టూ మరోసారి అరచేతులతో నొక్కండి. పట్టీ దూర్చడానికి గాలిపటం ఆకారంలో కన్నం ఉన్న చిన్న పనిముట్టు ఉంటుంది. ఆ కన్నం గాడి పెదవులను విడదీస్తూ ముందుకు పోతుంటే వెనక నుంచి పట్టీ లోపల కూర్చుంటుంది. అది దొరక్కపోతే సైకిల్ చువ్వను అదే ఆకారంలో వంచి, పాత స్క్రూడ్రైవరు పిడికి బిగించుకోండి. నేను ఇప్పటికీ వాడేది అలా చేసుకున్నదే.

సీలు జిగురు కావాలా అంటే, కారుతో వచ్చిన బీడింగ్, తిన్నని ఫ్లాంజి ఉంటే అక్కరలేదు. ఇప్పుడు దొరికే బీడింగులు కొలతలో కొంత తేడాగా ఉంటాయి కనుక నేను కింది అంచునా, కింది రెండు మూలల్లోనూ, రబ్బరుకూ రేకుకూ మధ్య మాత్రమే ఎప్పటికీ గట్టిపడని నల్లటి అద్దం సీలెంట్‌ను పలచగా ఎక్కిస్తాను. బయటి పెదవిని ప్లాస్టిక్ చెక్కతో ఎత్తి గొట్టం మూతిని లోపలికి పెట్టి వదలాలి. పైకి పొంగినదాన్ని చెక్కతో గీకి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడవాలి. చుట్టూ నింపేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఎక్కడైనా దూరిన నీరు ఎలాగో ఒకలా బయటపడాలి.

రెండు రోజుల తరువాత మొదట చెప్పిన పౌడరు పరీక్షను అలాగే, కిందినుంచి పైకి, మళ్ళీ చేయండి. సర్వీసింగు కేంద్రంలో ప్రెజరు పంపుతో కడిగించడం కనీసం రెండు మూడు వారాలు ఆపండి. బీడింగ్‌కు మెరుపు కోసం పెట్రోలు వాసన వచ్చే పాలిష్‌లు పూయవద్దు. నెలకోసారి గ్లిజరిన్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. తడిసిన మ్యాట్ కింది జూటు పొరను పూర్తిగా ఎండలో ఆరబెట్టాకే తిరిగి పరచండి, లేకపోతే అద్దం కారడం ఆగినా నేల రేకు తుప్పు పడుతూనే ఉంటుంది.

అద్దం తీశాక ఫ్లాంజి కింది రెండు మూలలనూ వైరు బ్రష్షుతో రుద్దక ముందు ఒకటి, రుద్దిన తరువాత ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ప్రైమరుతో సరిపోతుందో, టింకరు దగ్గరకు వెళ్ళాలో వాటిని చూసి చెబుతాను. అప్పటిదాకా కొత్త బీడింగ్‌కు డబ్బు కట్టకుండా, కోసిన ముక్కతో దుకాణంలో విచారించి మాత్రమే ఉంచుకోండి.